ఇంటిల్లిపాదీ పత్యం

మా ఇంటికి సెల్‌ఫోను కొత్తగా వచ్చిన రోజులు. థైరాయిడ్ క్యాన్సరని నా గొంతుకు ఆపరేషన్ చేశారు. మిగిలిన కణాలను చంపడానికి రేడియో అయోడిన్ మందు ఇస్తామన్నారు డాక్టరు. అంతవరకు అయోడిన్ ఉన్న తిండి ముట్టకూడదట. ప్యాకెట్ ఉప్పు, సముద్రపు ఉప్పు, పాలు, పెరుగు, బేకరీ సరుకు, అన్నీ బంద్. ఒంట్లో అయోడిన్ కరువైతేనే ఆ కణాలు మందును ఆబగా పీల్చుకుంటాయని చెప్పారు.

కమలాపురంలో మా మామది కిరాణా అంగడి. గుడ్డు కూడా ఎరగని ఇల్లు మాది. పెరుగూ లేకపోతే ఇంకేం తినాలని నాకు దిగులు పట్టుకుంది. మందు బాగా పట్టాలని, ఆపరేషన్ తర్వాత వేసుకుంటున్న థైరాయిడ్ మాత్రలు కూడా ఆపేయడంతో కూర్చున్నచోటే కునుకు వచ్చేది.

సంగతి విన్న మా అత్త ఉప్పు డబ్బా, ఊరగాయ జాడీలు అటకెక్కించింది.

"ఆ పిల్లకొక వంట, మనకొక వంట నా చేత కాదు. అందరికీ ఒగటే" అంది.

ఇక రోజూ సంకటి, చప్పిడి పప్పు, శనక్కాయల పొడి. కారం, చింతపండు కాస్త ఎక్కువేసి నిమ్మకాయ పిండితే ఉప్పు లేని లోటు తెలీదని ఆమె కొత్తగా కనిపెట్టింది. మా ఆయన కిక్కురుమనకుండా తినేవాడు. మామ మాత్రం సరుకు కోసమని పొద్దున్నే కడప బస్సెక్కడం మొదలుపెట్టాడు. ఒకరోజు ఒట్టి చేతులతో దిగాడు. అత్త ఆయన్ను ఎగాదిగా చూసింది.

"సరుకు యాడ? చొక్కా మింద ఎర్రకారం మాత్రం ఉండాది."

"నాలుక సచ్చిపోయిందిమే. ఒక్క కారం దోసె తింటి" అన్నాడాయన తలొంచుకుని.

ఆపరేషన్ తర్వాత నేను పడీపడీ నవ్వింది అప్పుడే. కుట్లు వేసినచోట లాగినా నవ్వు ఆగలేదు. మీరెందుకు పత్యం చేయడం, ఇంట్లోనే ఉప్పేసుకుని తినండని బతిమాలాను.

"నువ్వు చప్పిడి తింటాంటే నీ ముందర ఊరగాయ ఏసుకుంటానా? దోసె సంగతి ఏరే" అన్నాడు.

ఆ తర్వాత దొంగచాటు లేదు. చెప్పే వెళ్లి దోసె తిని వచ్చేవాడు. రాత్రి మాత్రం నా పక్కనే కూర్చుని చప్పిడి ముద్ద మింగేవాడు.

ఆసుపత్రిలో మందంటే ఒక్క గొట్టం మాత్ర. దాన్ని మింగి, ఎవరినీ దగ్గరికి రానివ్వని గదిలో కొన్నాళ్లు ఒంటరిగా ఉన్నాను. అన్నీ తినొచ్చని, మందు ప్రభావం తగ్గేదాకా ఇంకొన్నాళ్లు అందరికీ దూరంగా ఉండాలని చెప్పి పంపాక, అత్త పెరుగన్నంలో నిమ్మకాయ ఊరగాయ పెట్టి దూరం నుంచే కంచం జరిపింది. మొదటి ముద్దకే ఉప్పు నాలుకను కొరికింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఏడుస్తున్నాననుకుని ఆమె కంగారుపడింది.

కొన్ని నెలల తర్వాత తీసిన స్కాన్‌లో ఎక్కడా ఏమీ లేదన్నారు. మా ఆయన ఫోను చేసి చెప్పగానే, మామ అంగడికి వచ్చిన వాళ్లందరికీ, ముఖం తెలియని వాళ్లకు కూడా, "మా కోడలికి బాగైంది" అని చెప్పి చేతిలో బెల్లం ముక్క పెట్టాడట.