దయ్యం లేదన్న బావ, విడిపించిన దేవుడు

ప్రభువునందు ప్రియమైన సహోదరులారా, కల్లు పడితే తప్ప నాకు తెల్లవారని రోజుల నుంచి చెబుతాను. నేను ఎలక్ట్రికల్ డిప్లొమా చదివి బోరు మోటార్లు బాగుచేసేవాణ్ణి, అయినా సీసా తాగేదాకా నా చేతిలో స్క్రూడ్రైవరు నిలిచేది కాదు, అమ్మ ఏడ్చినా అక్క తిట్టినా కాళ్లు కల్లు దుకాణం వైపే నడిచేవి! ఆ సీసాలో చెట్టు కల్లు ఎంతో, కలిపిన మత్తుమందు ఎంతో మా పాలమూరు వాళ్లకు చెప్పనక్కరలేదు.

చివరికి అమ్మ నన్ను మందిరానికి తెచ్చి ఉపవాస ప్రార్థనలో కూర్చోబెట్టింది. నేనూ తెగించి ఒక్కసారిగా కల్లు మానేశాను. మెడ పక్కకు తిరిగిపోయింది, ఒళ్లంతా కొట్టుకుంది, లేనివారిని పిలుస్తూ ఏవేవో మాట్లాడాను. అందరూ దయ్యమన్నారు, తలమీద నూనె పోసి గద్దించారు.

అప్పుడు అక్క భర్త మల్లేశ్ బావ వచ్చాడు. దేవుడు లేడనే మనిషి, మందిరం గడప తొక్కడం అదే మొదలు.

"దయ్యం లేదు గియ్యం లేదు అత్తమ్మా! ఒక్కపారే కల్లు బంద్ చేస్తే గిట్లనే అయితది. దవాఖానకు కొంటవోకపోతే పాణం పోతది."

కొందరు ఆయన మీదికి లేచారు. మా సంఘ కాపరి అయ్యగారు వారిని ఆపి, "దేవుడు లేడంటవ్ గద మల్లేశూ, మరి మందిరంల నీకేం పని?" అన్నారు.

"నా బామ్మర్ది ఉన్నడు అయ్యగారూ."

"వాణ్ని పుట్టించినాయన గూడ ఈడనే ఉన్నడు."

"ఆయనతోని పంచాయితీ దవాఖానల పెట్టుకుందాం. ముందైతే ఆటో ఎక్కుండ్రి!"

అయ్యగారు ఎక్కారు. నా తల బావ ఒడిలో, కాళ్లు అయ్యగారి ఒడిలో. "తండ్రీ, ఈ బిడ్డను విడిపించు. నిన్ను ఎరగకుండనే నీ పని చేస్తున్న ఈ కొడుకును గూడ దీవించు" అని ఆయన ప్రార్థించారు.

"నా సంగతి ఇడిసిపెట్టి వాని సంగతి అడుగుండ్రి" అన్నాడు బావ.

నేను వార్డులో ఉన్నన్నాళ్లూ వాళ్లిద్దరూ వరండాలో టీ తాగుతూ వాదించుకున్నారు. ఎవరూ ఓడలేదు, ఎవరూ గొంతు పెంచలేదు.

ఇప్పుడు కొందరు పెద్దలు, దయ్యం పోయిందని చెప్పు చాలు, మందుల మాటా నాస్తికుని మాటా ఎత్తకు అంటున్నారు. ఎత్తుతాను! డాక్టరు బాగుచేస్తే నడుమ దేవుడెందుకని బావ స్నేహితులు అంటున్నారు. వారి మాటా వినను! మందులు నా వణుకు ఆపాయి, నిజం. కానీ ఇంటికి వచ్చాక, పని ముగించుకుని అదే దుకాణం ముందు నుంచి, పేరు పెట్టి పిలిచే దోస్తుల ముందు నుంచి నడవాల్సి వచ్చినప్పుడు, "యేసయ్యా, ఈ ఒక్క మలుపు దాటించు" అని ప్రతి సాయంత్రం అడిగాను, దాటించాడు! అది నీ మనోబలమేనంటాడు బావ. నా మనోబలం సంగతి నాకు తెలియదా? అది అంతకుముందు ఏ సాయంత్రమూ ఆ దుకాణం దాటలేదు!

మీ ఇంట్లో ఎవరైనా కల్లు మానుతుంటే దయ్యమని కట్టేసి కొట్టకండి. దేవుణ్ణి నమ్మండి, దవాఖానకూ నడవండి, తోడు నేను వస్తాను.

బావ చివరి వరుసలో కూర్చున్నాడు. ఆమేన్ అనడు, ఎవరూ అనమని అడగవద్దు. నన్ను మోసిన చేతులు ఆయనవి, ఆ చేతులను పంపినవాడు నా దేవుడు. కాదంటే బయట వాదిద్దాం బావా, నేను తగ్గను. దేవునికే మహిమ!