ఆదివారం రాయి

మా అత్తగారికి ఈ దీవిలోని అబర్డీన్ బజారులో ఒక చోటు ఉండేది. దుకాణం కాదు. గోడా లేదు, కప్పూ లేదు. గడియార స్తంభం నుంచి కిందికి దిగే రోడ్డు పక్కన గోనెపట్టా పరిచేంత నేల. అక్కడ కూర్చుని ఆవిడ గోంగూర, తోటకూర, ఎండురొయ్యలు అమ్మేది. చాతం రంపం మిల్లులో పనిచేసే మామగారు దుంగ మీద పడి చనిపోయాక, ఆ గోనెపట్టా మీది సంపాదనతోనే మా ఆయన్ని పెంచి పెద్దచేసింది.

ఓడ దిగి కోడలిగా వచ్చిన నాకు ఆ చోటంటే మొదటి నుంచీ గిట్టదు. ఎనిమిదో తరగతి చదివినదాన్ని, రోడ్డు పక్కన ఆకుకూరలమ్మే ఇంట్లో పడ్డానేమిటని కుమిలేదాన్ని. నాది ఊరుకునే నోరు కాదు కనక పైకీ అనేదాన్ని. "నువ్వు కూకోవద్దులేయే, నాను కూకుంతాను" అని నవ్వేసేది ఆవిడ.

ఆదివారం మాత్రం ఎవరెన్ని చెప్పినా బజారుకు వెళ్లేది కాదు. తెల్లచీర కట్టుకుని చర్చిలో తెలుగు ఆరాధనకు వెళ్లేది. శనివారం సాయంత్రమే గోనెపట్టా మడిచి, సముద్రపు ఒడ్డున ఏరుకున్న గుండ్రాయి ఒకటి దాని మీద పెట్టి వచ్చేది. ఆ రాయి ఉన్నంతసేపూ ఆ చోట ఎవరూ కొబ్బరిపీచు కూడా వేయరు. పక్కన కొబ్బరికాయలమ్మే మలయాళీ భయ్యా దానికి కాపలా. అతను శుక్రవారం నమాజుకు వెళ్తే ఆవిడ అటు జరిగి కాయలు అమ్మిపెట్టేది. ఆ వరసలో బెంగాలీలు, తమిళులు, రాంచీవాళ్లు అందరూ ఉండేవారు. ఒకరి భాష ఒకరికి రాదు. వచ్చీరాని హిందీలో కుదుర్చుకున్న కట్టుబాటే అందరికీ చట్టం.

ఉన్నట్టుండి మునిసిపాలిటీవాళ్లు బజారుకు రేకుల షెడ్డు వేస్తారని కబురు పుట్టింది. అమ్ముకునేవాళ్ల చోట్లు కొలిచి సున్నంతో గీతలు గీస్తారట. గీత పడనివాళ్లు లేచిపోవాల్సిందే. ఎప్పుడొస్తారో ఎవరికీ తెలియదు. జనం మంచినీళ్లకు లేవడానికి కూడా భయపడుతూ కూర్చునేవారు. అత్తగారికి అన్నం సహించేది కాదు. అయినా ఆ శనివారమూ రాయి పెట్టి వచ్చి, ఆదివారం ఆరాధనకు వెళ్లింది. ఆదివారం ఆఫీసులుండవు గదా, ఎవరొస్తారని ఆవిడ ధీమా.

బజారు నిండుగా ఉంటుందని వాళ్లు సరిగ్గా ఆదివారమే వచ్చారు.

పిల్లాడికి జ్వరమని నేను ఆరాధనకు వెళ్లలేదు. మందు కోసం వాణ్ని భుజాన వేసుకుని డాలీగంజ్‌లోని ఇంటి నుంచి వచ్చేసరికి బజారు కిక్కురుమనడం లేదు. ఒకడు సున్నం బకెట్టుతో నడుస్తున్నాడు. గుమాస్తా టేపు పట్టుకుని చోట్లు కొలుస్తున్నాడు. కొబ్బరికాయల భయ్యా ముఖం మాడిపోయి ఉంది. అడిగితే చెప్పాడు. ఈ ఖాళీ ఎవరిదని గుమాస్తా అడిగాడట. ఇది దీదీ చోటు, ఇవాళ ఆవిడ దేవుడి రోజు, ఇవాళ ఇక్కడ ఎవరూ కూర్చోరు అని ఇతను గర్వంగా చెప్పాడట. కూర్చోనివాళ్లకు గీత లేదన్నాడట గుమాస్తా. కాపాడబోయి పోగొట్టాడు సత్తెకాలపు మనిషి.

నాకు ఒళ్లు మండింది. రాయి తీసి పక్కన పెట్టి, గోనెపట్టా పరిచి పిల్లాడితో సహా కూర్చున్నాను. కాసిని కాయలు ఇటు వేయమన్నాను. భయ్యా కదల్లేదు. దీదీ బాధపడుతుంది, అడిగి రా అన్నాడు. ఆరాధన ముగిసేసరికి అడగడానికి చోటే ఉండదని అరిచాను. అతను తల వంచుకుని నా ముందు కాయలు పేర్చాడు.

గుమాస్తా వచ్చి నన్నూ కాయలనూ చూశాడు. నమ్మలేదు. ఇప్పుడే కూర్చున్నావు, ఎవరైనా కొంటారేమో చూస్తానని అక్కడే నిలబడ్డాడు. భుజం మీద పిల్లాడు కాలిపోతున్నాడు. జనం నన్ను దాటి వెళ్లిపోతున్నారు. జన్మలో నోరు విప్పి ఒక వస్తువు అమ్మినదాన్ని కాదు. బేరానికి పిలవడం రాక, నేను ఛీ అనుకున్న పని చేతకాక అలాగే కూర్చున్నాను. చివరికి ఒకావిడ ఆగి, కాయ చెవి దగ్గర ఆడించి చూసి కొనుక్కుంది. ధర భయ్యానే నేల చూస్తూ చెప్పాడు.

గుమాస్తా సైగ చేశాడు. సున్నం గీత నా చుట్టూ తిరిగింది. అప్పుడే పైనుంచి తెల్లచీరలో, చంకలో బైబిలుతో అత్తగారు దిగి వస్తూ కనిపించింది. నన్ను చూసి ఆగిపోయింది. ఆ ముఖం చూడలేక తల దించుకున్నాను.

ఎవరి పేరు రాయాలని గుమాస్తా అడిగాడు. నేను ఆవిణ్ని చూపించి, ఈవిడ చోటే, ఎన్నో ఏళ్లుగా ఈవిడే అమ్ముతుందన్నాను. ఇవాళ ఈమెను కూర్చోబెట్టింది నువ్వేనా అని అతను ఆవిణ్నే అడిగాడు. ఒక్క 'ఔను' చాలు. వరసంతా అటే చూస్తోంది.

"ఔనను అత్తా" అన్నాను తెలుగులో.

"పెబువు దినాన అబద్దమాడమంతావేటే?" అంది నాతో మెల్లగా. తర్వాత గుమాస్తా వైపు తిరిగింది. "ఆజ్ మై నహీ బైఠా సాబ్. మేరా బహూ బైఠా. ఉస్‌కా నామ్ లిఖో."

కూర్చున్నది తను కాదు, కోడలు, దాని పేరే రాయమంది. అతను నా పేరు రాసుకుని ముందుకు వెళ్లిపోయాడు.

ఇంటికి వెళ్లేటప్పుడు పిల్లాణ్ని తన భుజానికి మార్చుకుంది. తిట్టినా బాగుండేది. నోరున్న తల కాస్తుందంటారు. నా నోరు ఆ చోటును కాసింది, ఆవిడ చేతిలోంచి లాగేసి మరీ కాసింది.

సోమవారం పొద్దున ఎప్పటిలాగే ఇద్దరం బజారుకు వెళ్లాం. పేరున్న మనిషి కనబడాలి కనక నన్ను ముందు కూర్చోమంది. కూర్చున్నాను. ఆవిడ గోంగూర గంప నెత్తి మీద పెట్టుకుని సున్నం గీత అవతలే నిలబడింది. దించదేమిటా అని చూశాను.

"కాస్త జరగవే అమ్మా. ఓ మూలన కూకుంతాను" అంది.

ఎగతాళి కాదు, నిష్ఠూరమూ కాదు. నిజంగానే అడుగుతోంది. నేను జరిగేదాకా ఆవిడ గీత దాటలేదు.