మా బామ్మర్ది ఎడమ కార్నర్

మొన్న శుక్రవారం అల్ ఖౌద్‌లో గడ్డం గీయించుకుంటున్నాను. సెలూన్ టీవీలో కబడ్డీ నడుస్తోంది. పక్క కుర్చీలో కూర్చున్న మనవైపు మనిషి ఒకడు, మొహం నిండా నురగతోనే, "కూతకు పోయెటోనిదే గదా ఆట. ఆ మూలకు నిలవడ్డోనికి ఏం పని?" అన్నాడు. నాకు ఒళ్లు మండి గిరుక్కున తిరిగాను, కత్తి చెంప మీద గీసుకుపోయింది. "హిలో మత్ భాయ్" అని సెలూనతను కదలకుండా పట్టి దూది అదిమాడు. మూలకు నిలబడ్డవాడి పనేమిటో నాకు తెలిసినంతగా ఈ ఒమాన్‌లో ఎవరికీ తెలియదు. ఆ పని ఒకడికి లేకుండా చేసింది నేనే మరి.

నేను చెబుతున్నది మా ఆవిడ తమ్ముడి గురించి. పెళ్లినాడు అందరూ నా చేతికి ఉంగరం పెడుతుంటే వీడు వంగి నా కాలు పట్టి చూశాడు. దండం పెడుతున్నాడనుకుని మురిసిపోయాను. "బావా, నీ చీలమండ సన్నగున్నది, ఇట్టే దొరుకుతవ్" అన్నాడు. అప్పుడు డిగ్రీ మొదటి సంవత్సరం, కాలేజీ జట్టులో ఎడమ కార్నర్. కూతకు వచ్చినవాడు గీత దాటి పారిపోయే ముందు, ఆ మూల నుంచి దూకి చీలమండ అందుకోవాలి, ఈల మోగేదాకా వదలకూడదు. అంతే పని. పాయింటు వస్తుంది గానీ ఈలలూ దండలూ కూతకు పోయినవాడికే. మావాడికి ఆ బాధ ఉండేది కాదు. ఇంట్లో గిన్నెడన్నం ఒక్కడే తింటున్నాడని మా అత్తగారు సణిగేది, మళ్లీ ఆవిడే చాటుగా గుడ్లు ఉడకబెట్టి పెట్టేది. కాలేజీ నుంచి యూనివర్సిటీకి, అక్కడి నుంచి పట్నం జట్టుకు పోయాడు. ఆటే ఉద్యోగమైంది. మొదటి సీజనంతా బెంచీ మీదే కూర్చున్నాడు. రెండో సీజన్లో దింపారు. ఇక్కడ మా లేబర్ క్యాంపులో నలభైమందిమి ఒక్క ఫోను చుట్టూ మూగి చూసేవాళ్లం. వాడు ఒకణ్ని పట్టి కూలేస్తే నా వీపు మీద దెబ్బలు పడేవి. నన్ను అందరూ 'కార్నర్ బావ' అనసాగారు. నిజం చెప్పాలంటే, నా పేరు కన్నా అదే నాకు తియ్యగా ఉండేది.

ఆ తియ్యదనమే కొంప ముంచింది. అల్ సువైక్‌లో మన కంపెనీలవాళ్లంతా పోటీ పెట్టుకున్నారు, ఊరి నుంచి ఒక్క ఆటగాణ్ని తెచ్చుకోవచ్చన్నారు. "మా బామ్మర్ది వస్తడు" అని నలుగురిలో నోరు జారాను. మూడో సీజన్ శిక్షణ క్యాంపుకు ఇంకా నెల ఉంది, ఈసారి మొదటి ఏడుగురిలో వాడు ఖాయమని కోచ్ చెప్పాడట. ఫోన్లో మెల్లగా అన్నాడు: "బావా, బయట ఆడొద్దని సంతకం వెట్టించుకున్నరే." నేను ఆగానా? "బావ మాట ఒక్కసారన్న నిలవెట్టవారా?" అన్నాను. మావైపు అక్క మొగుడు నోరు తెరిచి అడిగితే బామ్మర్ది కాదనలేడు. అది తెలిసే అడిగాను. నాలుగో రోజు "వస్త తియ్" అన్నాడు. బావను చూడ్డానికి పోతున్నానని ఇంట్లో చెప్పి విమానమెక్కాడు.

ఖర్జూరం తోట పక్కన జాగా ఇచ్చారు. కోర్టు పని నేనే మీదేసుకున్నాను. కబడ్డీ కోర్టంటే తవ్వి, రాళ్లేరి, మన్ను మెత్తగా వదిలేయాలి. ఆ సంగతి నాకు తెలియక కాదు. కానీ పంతొమ్మిదేళ్లుగా నేను రోడ్డు రోలర్ తోలుతున్నాను. వదులు మన్ను కనబడితే నాకు సగంలో ఆగిన పనిలాగే ఉంటుంది. తవ్వించాను, ట్యాంకరుతో తడిపించాను, ఆ మీద చిన్న రోలర్ తెచ్చి నాలుగుసార్లు తొక్కించాను. పొద్దున్నే చూస్తే నేల అద్దంలా ఉంది. "అబ్బ, ఏం జేసినవన్నా!" అని అందరూ ఫొటోలు దిగారు.

సాయంత్రం వాడు చెప్పులు విప్పి మడమతో రెండుసార్లు పొడిచి చూశాడు. "బావా, గట్టిగున్నది గదనే?" అన్నాడు. "జారకుంట జేసినరా! రోడ్డు పనోని చెయ్యి ఇది" అన్నాను ఛాతీ విరుచుకుని. వాడు నా మొహం చూశాడు, నా వెనక ఫోన్లు పట్టుకున్న మనవాళ్లను చూశాడు. నవ్వి, "సరే తియ్" అని వెళ్లి ఎడమ మూలన నిలబడ్డాడు.

ముగ్గుర్ని పట్టాడు. నాలుగోవాడు గీత దాకా పోయాడు, వీడు దూకి చీలమండ అందుకున్నాడు, వాడు వచ్చి వీడి మీద పడ్డాడు. ఇద్దరి బరువూ వీడి కుడి మోకాలి మీద, ఆ మోకాలు నా నేల మీద. ఎండుకట్టె విరిగినట్టు చప్పుడైంది. అయినా ఈల మోగేదాకా చీలమండ వదల్లేదు. పాయింటు వచ్చింది. అందరికన్నా ముందు చప్పట్లు కొట్టింది నేను. ఆ చప్పట్లు తలుచుకుంటే ఇప్పటికీ నా చేతులంటే నాకే అసహ్యమేస్తుంది. వాడు లేవలేదు.

చక్రాల కుర్చీలో విమానమెక్కించాను. ఆపరేషన్ అయింది. క్యాంపుకు పిలుపు రాలేదు, తర్వాతి ఏడూ రాలేదు. ఇప్పుడు ఒక స్కూల్లో డ్రిల్లు సారు. గొంతుక్కూర్చోలేడు. నన్ను ఒక్క మాట అనలేదు. అనుంటే బాగుండేది. అక్కకు మాత్రం "బావ రూమ్ మెట్ల మీద జారిన" అని చెప్పాడు. "ఆ మెట్లు కూలిపోను, నా తమ్ముని బతుకు తీసినయ్" అని ఆమె ఏడ్చింది. నేను "ఊఁ" అన్నాను. నేల మట్టానికి వేసిన రేకుల గది మాది, దానికి మెట్లే లేవు. ఆ సంగతి ఆమెకు ఇప్పటికీ చెప్పలేదు. ఫోను పెట్టేసే ముందు ఇప్పటికీ ప్రతిసారీ అంటుంది: "మెట్లు దిగేటప్పుడు పైలం."

అప్పుడు వాడికి ఇరవైమూడు, ఇప్పుడు ముప్పైఒకటి. ఈ వయసుకు కార్నర్లు ఎలాగూ ఆట మానేస్తారులే అని ఈమధ్య నాకు నేను చెప్పుకోవడం మొదలుపెట్టాను. మాకందరికీ ఆ ఎనిమిదేళ్లు ఎలాగో గడిచాయి, వాడికి మాత్రం ఆడకుండానే అయిపోయాయి.