సుమ్మాదేవిలో విరిగిన రెక్క

రెండువేల తొమ్మిది అనుకుంటాను. పలాసలో బయలుదేరిన ప్యాసింజరు సుమ్మాదేవి స్టేషన్లో ఆగి ఎంతకీ కదలడం లేదు. ఒళ్లో లాప్‌టాప్ పెట్టుకుని, పాత పెళ్లి వీడియోను డీవీడీకి మార్చే కమాండ్‌ను పదకొండోసారి కొడుతున్నాను. ప్రాసెసర్‌తో అయితే గంటలు పడుతుంది. పనంతా గ్రాఫిక్స్ కార్డుకి అప్పజెబుదామంటే మొదటి ఫ్రేము దగ్గరే ఎర్రర్. కళ్లు మండుతున్నాయి.

ఎదురుగా ఒక మత్స్యకారుడు గోనెపట్టా మూట పట్టుకుని కూర్చున్నాడు.

"ఏటి బావా, అన్నిసార్లు కొడతన్నావు?"

పడవకి ఇంజనులాంటిది ఇందులోనూ ఉందని, మొత్తం దానికే వదిలేస్తే తీసుకోవడం లేదని చెప్పాను.

"మొదట్నించీ ఇంజనేటి? ఒడ్డుకాడ అలలు దాటేదాకా తెడ్డే ఎయ్యాల. లోతుకెల్లాకే ఇంజను దించాల. నాను తొందరపడి ముందే దించీసినాను." మూట విప్పాడు. నీళ్లలో తిరిగే ఇంజను రెక్క, సగానికి విరిగి ఉంది. "ఇసకలో తగిలీసి పడవ తిరగబడిపోనాది."

కమాండ్ మార్చాను. బొమ్మ మీది గీతలు సరిచేసే మొదటి పని ప్రాసెసర్‌కే ఉంచి, చివరి మార్పిడి ఒక్కటే కార్డుకిచ్చాను. నడిచింది. ఆ ఉత్సాహంలో, "ఈ రెక్క అతుకుతుందా?" అని అడిగాను.

"ఇది అతికించేత్తారు బావా," అంటూ మళ్లీ చుట్టాడు. "ఆ పొద్దు పడవలో మా తమ్ముడు కూడా ఉన్నాడు."

రైలు కదిలింది.

ఇప్పటి కార్డులు మొదట్నించీ అన్నీ అవే చేసుకుంటాయి. నేను మాత్రం మొదటి పని ఇంకా ప్రాసెసర్‌కే ఇస్తున్నాను.