కొన విరవనివ్వని మొగిలమ్మ

హన్మకొండ రైతుబజారులో మొగిలమ్మ దగ్గర బెండకాయలు కొనాలంటే ఒకటే షరతు. కొన విరవకూడదు. ఇంకెక్కడైనా జనం కొన వంచి చూస్తారు. పుటుక్కున విరిగితే లేత, వంగితే ముదురు. మొగిలమ్మ దగ్గర ఆ పప్పులుడకవు. ములుగు రోడ్డు పల్లె నుంచి తొలి బస్సులో వచ్చి గంప దించిందో లేదో, కాపలా మొదలు.

"నేను చేనుల చూసే తెంపుకొచ్చిన. మళ్ల నువ్వు చూసేదేంది?" అని గదమాయిస్తుంది.

పక్కన కూర్చునే కట్టయ్య మాత్రం ఎవరెన్ని విరిచినా నవ్వుతుంటాడు. అతనివి కాయలు కావు, కట్టెలని మొగిలమ్మ బజారంతా చాటింది.

ఆమెకు తగ్గ జోడీ సుబేదారి వినోద టీచరు. మాటల్లో పెట్టి, ఒక చెయ్యి కొత్తిమీర మీద ఉంచి, రెండో చేత్తో పుటుక్కుమనిపిస్తుంది.

"అల్లుణ్ని తెచ్చుకునేటప్పుడు గూడ ఏలు ఇరిచి చూస్తవా, టీచరమ్మా?"

"చూడకుంట ఎట్ల తెస్త, అక్కా?"

ఏళ్లుగా ఇదే తంతు. కొట్లాడుకోకపోతే ఇద్దరికీ పొద్దుపోదు.

మొన్న ముసురు పట్టింది. చేనంతా బురద, కాయ తెంపడం కుదరలేదు. బెండ మనకోసం ఆగుతుందా? ముదిరిపోయింది. వాన వెలిసిన పొద్దున మొగిలమ్మ ఆ కాయలనే గంపకెత్తింది. పైన మాత్రం కాసిని లేతవి ఏరి పేర్చింది. కొన విరవనివ్వని షరతు తనకెంత అక్కరకొచ్చే షరతో ఆ రోజే తెలిసొచ్చింది మహాతల్లికి!

అంతలో వినోద వచ్చి, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడింది.

"అక్కా, కొత్త వియ్యాలోళ్లు ఇయ్యాల అన్నానికొస్తాండ్రు. బెండకాయ వేపుడు జెయ్యాలె. నేను ముట్ట. నీ చేత్తోనే ఎయ్యి. నీ మీద నాకు నమ్మకం."

మొగిలమ్మ గంపకేసి చూసుకుంది. ఇన్నేళ్లుగా వినాలనుకున్న మాట రాక రాక ఈ దిక్కుమాలిన రోజునే రావాలా! ఎప్పటిలా విరిచి, తిట్లు తిని పోరాదా ఈమె? కాయలు కాంటాలో వేసింది గానీ సంచిలోకి ఒంపలేదు. నిజం చెబితే, చెవులు రిక్కించుకుని కూర్చున్న కట్టయ్య ముందు తన పరువు పోతుంది. చెప్పకపోతే వియ్యపురాలి ముందు వినోద పరువు పోతుంది.

గంప అడుగు నుంచి ఒక కాయ తీసింది. అందరూ చూస్తుండగా తనే కొన వంచింది. అది విరగలేదు.

"ముదిరినయ్, బిడ్డా. ఇవి నీకొద్దు. రా."

చెయ్యి పట్టుకుని కట్టయ్య దగ్గరికి లాక్కుపోయింది. అతని గంపలో చెయ్యి పెట్టి పుటుక్కు పుటుక్కున విరుస్తూ, లేతవి వినోద సంచిలో వేయసాగింది.

"ఓ వదినె, జర ఆగు! అన్ని ఇరుస్తానవేంది?" కట్టయ్య లబలబలాడాడు.

"ఊకో కట్టయ్యా! ఇంటికి వియ్యాలోళ్లొస్తాండ్రు. ఇరవకుంట ఎట్ల తెలుస్తది?"

వినోదకు నవ్వాగలేదు. సంచి అందుకుంటూ అంది. "రేపు నీ దగ్గరికే వస్త, అక్కా. కానీ ఇరుస్త."

మొగిలమ్మకు ప్రాణం లేచొచ్చింది.

"ఇరువు, టీచరమ్మా. నా తిట్లు నీకు తయారుగుంటయ్."