పెద్ద మెట్ల మీద బెరిల్

బెరిల్ హాగార్త్‌కు డెబ్బై మూడేళ్ళు. ముప్పై ఏళ్ళు బడిపిల్లలకు మధ్యాహ్నం భోజనం వడ్డించి రిటైరైంది. ఆమె ఉండే ష్రాప్‌షైర్ పల్లెల్లో ఆ వయసు ఆడవాళ్ళు గులాబీలు పెంచుకుంటారు, చర్చి సంతకు కేకులు చేసి పంపుతారు. బెరిల్ మాత్రం రబ్బరు బూట్లు తొడుక్కుని, ఫ్లాస్కులో టీ పోసుకుని, పాడుబడ్డ భవనాల్లో దూరేది. కప్పు కూలిన మిల్లులు, మూసేసిన ఆసుపత్రులు, వారసులు వదిలేసిన బంగళాలు అన్నీ కలిపి అరవై దాకా చూసింది. తాళం పగలగొట్టదు, ఒక్క మేకు కూడా తెచ్చుకోదు. ఎందుకీ తిరుగుళ్ళని కూతురు సణిగితే, "ఇంట్లో కూర్చుంటే మోకాళ్ళు పట్టేస్తాయే" అనేది.

అన్నిచోట్లకీ వెళ్ళిన మనిషి, ఊరికి రెండు మైళ్ళ దూరంలో ఉన్న వెల్‌హామ్ భవనం గడప మాత్రం తొక్కలేదు. వాళ్ళమ్మ పద్నాలుగో ఏట అక్కడ పనిలో చేరి, పదకొండేళ్ళు చాకిరీ చేసింది. బొగ్గు బకెట్లూ వేడినీళ్ళ కూజాలూ వెనకవైపు ఇరుకు మెట్ల మీదుగానే మోసింది. ముందు హాల్లోని పెద్ద మెట్లకు మోకాళ్ళ మీద వంగి మైనం పట్టించి మెరిపించిందీ ఆవిడే. వాటి మీద నిటారుగా నడిచే హక్కు మాత్రం ఆవిడకి లేదు. అది తలుచుకుంటే చాలు బెరిల్‌కు ఒళ్ళు మండిపోయేది. అందుకే అటు వెళ్ళలేదు.

సోమవారం ఆ ఇల్లు కూలగొడుతున్నారని పోస్టాఫీసు గోడకు కాగితం అంటించారు. శుక్రవారం పొద్దున్నే బెరిల్ బయల్దేరింది. ఆ పెద్ద మెట్లు దర్జాగా దిగాలి, అమ్మ ఏనాడూ దాటని ముందు తలుపులోంచి బయటికి రావాలి. సోమవారం దాటితే ఈ జన్మకి ఆ పని జరగదు.

వెనక బొగ్గుగది తలుపు ఊడిపడి ఉంది. అందులోంచి దూరి, ఇరుకు మెట్లెక్కి, పై అంతస్తులో పెద్ద మెట్ల దగ్గరికి చేరిందో లేదో, కింద హాల్లోంచి కేక వినబడింది. కాపలాదారు కీత్. యాభై దాటిన మనిషి, బొజ్జ మీద బిగిసిన పసుపు జాకెట్టు.

"ఓయ్! ఎవరమ్మా అది? లోపలికెలా వచ్చారు?"

"నడిచొచ్చాను నాయనా. ఎగరడం నాకు రాదు."

"వచ్చిన దారినే వెళ్ళిపోండి. పోలీసుల్ని పిలవమంటారా?"

"పిలువు. తాళం పగలగొట్టలేదు, పుల్ల ముట్టుకోలేదు. ఇది నేరం కాదని వాళ్ళే చెప్తారు. నువ్వు పొమ్మన్నావు, నేను పోతున్నా. కాకపోతే ఇటు నుంచి, ముందు తలుపులోంచి."

"ఇటు కాదు! ఆ తలుపు తీసి పదేళ్ళయింది, గడియ తుప్పుపట్టిపోయింది. పైగా మా సారు చూశాడంటే నా ఉద్యోగం ఊడుతుంది."

"సోమవారం ఇల్లే ఊడుతుంటే నీ ఉద్యోగం ఎక్కడుంటుందయ్యా?"

బెరిల్ పైమెట్టు మీద చతికిలబడి ఫ్లాస్కు మూత తిప్పింది.

"బొగ్గుగదిలోంచి నేను పోను. మా అమ్మ పదకొండేళ్ళు అట్నుంచే తిరిగింది, మా వంశానికి అది చాలు. కావాలంటే ఎత్తుకుని మోసుకెళ్ళు. నడుం జాగ్రత్త, నేను బరువే."

ఆమె నింపాదిగా రెండు మూతల టీ తాగింది. కీత్ గడియారం చూసుకున్నాడు, ఏదో గొణుక్కున్నాడు, చివరికి వెనకవైపు నుంచి బయటికెళ్ళి తన బండిలోంచి సుత్తి తెచ్చి గడియ మీద నాలుగు దెబ్బలు వేశాడు. తలుపు కీచుమంటూ తెరుచుకుంది.

బెరిల్ లేచింది. రైలింగు పట్టుకుని, ప్రతి మెట్టు నడిమధ్యన కాలు మోపుతూ దిగింది. కోపంతో కళ్ళు నిండాయి, అయినా తల వంచలేదు. బూట్ల బురద ప్రతి మెట్టుకీ అంటింది. అంటనీ అనుకుంది.

గుమ్మం దగ్గర కీత్ పుస్తకం తీశాడు. "ఎవరొచ్చినా పేరు రాయాలి. చెప్పండి."

"లవీనియా హాబ్స్."

"నిజంగా మీ పేరేనా?"

"మా అమ్మది. పనిమనిషికి ఇంత గొప్ప పేరెందుకని ఈ ఇంటి దొరసాని ఆవిణ్ణి పదకొండేళ్ళూ జేన్ అని పిలిచింది. పూర్తిగా రాయి. ముందు తలుపులోంచి వెళ్ళిందని కూడా రాయి."

అతను రాశాడు. బెరిల్ అది గట్టిగా చదివించుకుని విని, అప్పుడు గడప దాటింది.