మగ్గాలు ఆగితే తలెత్తే అమ్మాయి

ఆ అమ్మాయి పేరు నాకు తెలియదు. ఫోన్లో నడిచే చదువుల గదిలో కింది వరుస గడి ఆమెది. ఒకరికొకరం ముక్కూ మొహం తెలియని వాళ్లం అక్కడ కెమెరాలు పెట్టుకుని, మైకులు ఆపుకుని, ఎవరి పరీక్షకు వాళ్లం చదువుకునేవాళ్లం. మాట్లాడకూడదన్నది ఒక్కటే నియమం. దాన్ని అందరం భక్తిగా పాటించేవాళ్లం.

భవాని పేట్‌లో మా ఇంటి వెనకే మరమగ్గాల షెడ్డు ఉండేది. పుట్టినప్పటి నుంచీ విన్న చప్పుడు కాబట్టి నడుస్తున్నంతసేపూ తెలియదు, ఆగితేనే తెలుస్తుంది. కరెంటు పోయి మగ్గాలు ఆగినప్పుడల్లా నేను తలెత్తేదాన్ని. కింది గడిలో ఆ అమ్మాయి కూడా సరిగ్గా అప్పుడే తలెత్తేది. మిగతావాళ్లు చదువుకుంటూనే ఉండేవాళ్లు. ఆమెది మా గల్లీయేనని అలా అర్థమైంది. వెళ్లి పలకరించలేదు. నియమం ఉంది కదా.

పరీక్షలు దగ్గరపడ్డాక సేటు షెడ్డు మూసేశాడు.

"ఇగ సప్పుడు లేదు, నిమ్మలంగ అభ్యాస్ చేసుకో" అంది అమ్మ.

ఒక్క పేజీ తలకెక్కలేదు. నేను ఎప్పుడు తలెత్తి చూసినా ఆ అమ్మాయి అప్పటికే తలెత్తి ఉండేది.

ఒకరోజు ఆమె వెనక గోడ మారింది. మొదటిసారి మైకు తెరిచింది.

"అక్కా, జోడ్‌భావి పేట్‌ల మా మామ ఇంటికొచ్చిన. ఈడ మగ్గాలు నడుస్తున్నయ్. మైకు బంద్ చెయ్యను, నువ్వు అభ్యాస్ చెయ్."

ఫోన్లోంచి టకటకా మగ్గాల మోత. మైకు ఆపమని మిగతావాళ్లు వరసగా మెసేజీలు పెట్టారు. సాయంత్రం దాకా నేను వాటిని చూడలేదు. తలెత్తితే కదా.